పాలిష్ కొట్టాక నల్ల ప్లాస్టిక్ మీద తెల్ల మరకలు: అసలు అంటకుండా మీరేం చేస్తున్నారు?

నల్లబంపర్ (మియాపూర్)

అందరికీ నమస్కారం. దసరా ముందు ఆదివారం మా అపార్ట్‌మెంట్ స్టిల్ట్ పార్కింగ్‌లో కారుకి నేనే పాలిష్ కొట్టాను. తెల్ల రంగు చిన్న ఎస్‌యూవీ, కొని నాలుగేళ్లయింది. చక్రాల చుట్టూ, తలుపుల కింద అంతా నల్ల ప్లాస్టిక్ క్లాడింగే. మెషీన్ స్నేహితుడి దగ్గర తెచ్చుకున్నాను. ముందు కాంపౌండ్ (గీతలు అరగదీసే గరుకు పాలిష్), ఆ తర్వాత చేత్తో వాక్స్. పెయింట్ చాలా బాగా వచ్చింది. పండగనాడు పొద్దున్నే పెద్దమ్మ గుడికి పూజకి తీసుకెళ్దామని గేటు బయటికి తీశాను. ఎండ పడగానే కనబడింది. చక్రాల చుట్టూ తెల్లటి గీతలు, వైపర్ల కింద జాలీ మీద చుక్కలు, రూఫ్ రెయిల్ మొదట్లో సున్నం పూసినట్టు మచ్చ.

తడిగుడ్డతో తుడిస్తే పోయినట్టే పోతుంది, ఆరగానే మళ్లీ తేలుతుంది. మా వాచ్‌మన్ టైర్ పాలిష్ రుద్దమన్నాడు, రుద్దాను. రెండు రోజులు నల్లగా మెరిసింది. మూడో రోజు వాన పడింది, ఆ పాలిష్ కారి తలుపు మీద జిడ్డు చారలు పడ్డాయి, కింద తెల్లదనం అలాగే ఉంది. ఇప్పుడు దాని మీద దుమ్ము కూడా పట్టుకుంది.

ఇప్పుడున్నది ఎలా పోతుంది? వచ్చేసారి అసలు అంటకుండా ఏం చెయ్యాలి? రెండో ప్రశ్నే నాకు ముఖ్యం. సంక్రాంతికి ఊరెళ్లే ముందు మళ్లీ కొడదామని ఉంది.

ఎర్రస్విఫ్ట్ (తార్నాక)

మీ టైర్ పాలిష్ అనుభవం నాకూ ఉందండీ. ముందు ఆ జిడ్డు తీసేస్తేనే కింద తెల్లది కదులుతుంది.

నేను చేసింది చెబుతాను. బకెట్ గోరువెచ్చటి నీళ్లలో కార్ షాంపూ, పిల్లలు వాడే మెత్తటి టూత్‌బ్రష్. వెనక బంపర్ కింది నల్ల భాగం మీద అరచెయ్యంత చోటు తీసుకుని, నురగ పెట్టి, గుండ్రంగా కాకుండా ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా తోమాను. మొదట నురగ మామూలుగానే ఉంది. ఇరవై ముప్పై సార్లు తోమాక పాలు కలిసినట్టు చిక్కగా అయింది. అది ప్లాస్టిక్ మీద గరుకుగా ఉండే గింజల మధ్య నుంచి పైకి వచ్చిన పాలిష్. వెంటనే నీళ్లు కొట్టాలి. ఆరనిస్తే వచ్చింది వచ్చినట్టే మళ్లీ లోపలికి దిగుతుంది. అదే చోట మూడుసార్లు చేస్తే నాకు పోయింది. బంపర్ మొత్తానికి ఒక సాయంత్రం పట్టింది.

గట్టి బ్రష్ మాత్రం వద్దు. బట్టలుతికే బ్రష్‌తో తోమితే ఆ చోటు నునుపెక్కి వేరే రకంగా మెరుస్తుంది, అది ఇక పోదు.

బఫింగ్‌షెడ్ (కొండాపూర్)

నేను ఈ పనిలో తొమ్మిదేళ్లుగా ఉన్నాను. ఎర్రస్విఫ్ట్ మేడమ్ చెప్పింది సరైన పద్ధతే, మొదలు దాంతోనే పెట్టాలి. కాకపోతే ముందు ఒకటి తేల్చుకోండి అన్నా. ఆ తెల్లదనం పాలిష్ వల్లనా, ఎండకి ప్లాస్టిక్ వెలిసిపోవడం వల్లనా? రెండూ తడి పెడితే నల్లబడతాయి, ఆరితే తెల్లబడతాయి. అందుకే చాలామంది పొరబడతారు.

మరక ఆకారం చూడండి. పాలిష్ అయితే పెయింట్‌ని ఆనుకున్న అంచు వెంట గీతలా ఉంటుంది, లేదా మెషీన్ చిమ్మిన చుక్కల్లా ఉంటుంది. వెలిసిపోవడం అయితే ఎండ తగిలే పక్క అంతా ఒకే తీరుగా బూడిద రంగులో ఉంటుంది, నీడలో ఉండే మడతల్లో నల్లగానే ఉంటుంది. మీరు చెప్పిన గీతలు, చుక్కలు పాలిష్‌వే. వెలిసిన ప్లాస్టిక్‌ని తోమి లాభం లేదు, దానికి వేరే మందు.

ఇక రెండో ప్రశ్నకి నా జవాబు ఒక్కటే. టేప్. మా షెడ్‌కి బండి వస్తే కడగడం, ఆరబెట్టడం అయ్యాక మెషీన్ ప్లగ్ పెట్టే ముందు ముప్పావు గంట టేపింగే. నల్ల ప్లాస్టిక్, రబ్బరు బీడింగ్, లోగోలు, వైపర్ జాలీ, హెడ్‌లైట్ అంచులు, నంబర్ ప్లేట్. కొత్తగా పనిలో చేరిన పిల్లలకి మొదటి నెల టేపింగే ఇస్తాను. ముప్పావు గంట టేపింగ్ మిగుల్చుకుందామనుకుంటే తర్వాత నాలుగు గంటలు బ్రష్ పట్టుకోవాలి.

చర్లపల్లి_మోల్డింగ్

నేను ప్లాస్టిక్ మోల్డింగ్ యూనిట్‌లో పనిచేస్తాను, అక్కడి సంగతి కొంచెం చెబుతాను.

బయట కనబడే ఆ నల్ల క్లాడింగ్ ఎక్కువగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. దాని మీది గింజల డిజైన్ పెయింట్ కాదు, అచ్చు నుంచే వస్తుంది. అచ్చు తయారుచేసేటప్పుడు స్టీలుని యాసిడ్‌తో తినిపించి ఆ గుంతలు తెస్తారు. అంటే మీరు తోమేది గుట్టలు, లోయలు ఉన్న నేల. కాంపౌండ్‌లో ఉండే అల్యూమినియం ఆక్సైడ్ పొడి ఆ లోయలకంటే చాలా సన్నం. పాలిష్ తడిగా ఉన్నప్పుడు నూనెతో కలిసి లోపలికి జారుతుంది. నూనె, నీరు ఆరిపోతాయి, తెల్ల పొడి అక్కడే ఉండిపోతుంది. గుడ్డ గుట్టల మీదుగా పోతుంది తప్ప లోయలోకి దిగదు. అందుకే ఎంత తుడిచినా అంతే. బ్రష్ వెంట్రుక మాత్రం లోపలికి వెళ్తుంది.

మంచి విషయం ఏమిటంటే పాలీప్రొపిలీన్‌కి ఏదీ సులువుగా అతుక్కోదు. ఆ పొడి అక్కడ ఇరుక్కుని ఉంది, అంటుకుని కాదు. ఓపికగా తోమితే వస్తుంది. చెడ్డ విషయం, ఇదే గుణం వల్ల టేప్ కూడా దాని మీద సరిగ్గా అతుక్కోదు. బఫింగ్‌షెడ్ అన్నా, దీనికి మీరేం చేస్తారు?

బఫింగ్‌షెడ్ (కొండాపూర్)

సరైన ప్రశ్న. గింజలున్న ప్లాస్టిక్ మీద టేప్ ఊరికే వేస్తే అంచు లేచిపోతుంది, మెషీన్ ప్యాడ్ తగిలితే మొత్తం ఊడి ప్యాడ్‌కి చుట్టుకుంటుంది.

నేను చేసే విధానం ఇది. ముందు ఆ ప్లాస్టిక్‌ని ఐపీఏ కలిపిన నీళ్లతో తుడుస్తాను. మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాలే, సగానికి సగం నీళ్లు. పాత డ్రెస్సింగ్ (ప్లాస్టిక్ నల్లగా మెరవడానికి రాసే మందు) జిడ్డు ఉంటే టేప్ నిలవదు, అందుకే ఇది. ఆరాక టేప్‌ని చిన్న చిన్న ముక్కలుగా కాకుండా పొడవుగా లాగి, ప్లాస్టిక్‌కీ పెయింట్‌కీ మధ్య ఉన్న సందు దగ్గర అంచు కలిసేలా పడుకోబెడతాను. తర్వాత పాత ఏటీఎం కార్డు అంచుతో ఆ టేప్ అంచుని సందులోకి నొక్కుతాను. పని మొత్తం ఆ నొక్కడంలోనే ఉంది. టేప్ వేసి చేత్తో రాస్తే చాలదు. అంచు ఒక వెంట్రుకంత లేచినా కాంపౌండ్ దాని కిందికి పోతుంది, టేప్ తీశాక అక్కడ నిటారుగా తెల్ల గీత కనబడుతుంది.

చక్రం చుట్టూ వంపులో వెడల్పు టేప్ ముడతలు పడుతుంది. అక్కడ ముందు 18 మిల్లీమీటర్ల సన్న టేప్‌తో వంపు గీసినట్టు అంచు కట్టుకుని, దాని మీద 48 మిల్లీమీటర్లది వేస్తే ప్లాస్టిక్ అంతా కప్పుకుంటుంది.

క్యాబ్_ఎల్బీనగర్

అన్నా, ఏ టేప్? మా దగ్గర స్టేషనరీ షాపులో తెల్ల మాస్కింగ్ టేప్ తెచ్చి వేశాను. మధ్యాహ్నం వరకు అలాగే వదిలేసి భోజనానికి పోయా. వచ్చి తీస్తే గమ్ము అంతా బీడింగ్ మీద ఉండిపోయింది. పాలిష్ మరక కన్నా అదే ఎక్కువ టెన్షన్ పెట్టింది.

పెయింట్‌బూత్ (బాలానగర్)

తమ్ముడూ, అది టేప్ తప్పు కొంత, ఎండ తప్పు ఎక్కువ. స్టేషనరీ టేప్ గోడల పనికి, కాగితాల పనికి. బండి పనికి ఆటోమోటివ్ మాస్కింగ్ టేప్ అని అడగాలి. పెయింట్ మెటీరియల్ అమ్మే షాపుల్లో దొరుకుతుంది, రాణిగంజ్ వైపు వెళ్తే ఏ వెడల్పు కావాలన్నా ఉంటుంది. గోడలకి వాడే నీలం రంగు టేప్ కూడా పరవాలేదు, దాని గమ్ము తక్కువ. కానీ గింజల ప్లాస్టిక్ మీద అది ఇంకా తొందరగా లేస్తుంది. బ్రౌన్ ప్యాకింగ్ టేప్ మాత్రం బండి దగ్గరికి రానివ్వకండి.

ఏ టేప్ అయినా ఆ పూటే తీసెయ్యాలి. మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో నల్ల ప్లాస్టిక్ మీద చెయ్యి పెట్టలేం. ఆ వేడికి గమ్ము మెత్తబడి ప్లాస్టిక్‌లోకి దిగుతుంది. తీసేటప్పుడు నిటారుగా లాగకండి, టేప్‌ని దాని మీదికే వెనక్కి మడిచి నెమ్మదిగా లాగండి. గమ్ము మిగిలితే నీలగిరి తైలం రెండు చుక్కలు గుడ్డకి పెట్టి రుద్దితే వస్తుంది, వెంటనే షాంపూతో కడగాలి.

ఇంకో మాట. కొత్తగా డెంటింగ్ పెయింటింగ్ చేయించిన ప్యానెల్ మీద టేప్ వెయ్యకండి. పెయింట్ పూర్తిగా గట్టిపడటానికి వారాలు పడుతుంది. అంతకు ముందే టేప్ వేసి లాగితే అంచు లేచి వస్తుంది. అలా లేచిన డోర్లు మా దగ్గరికి చాలా వచ్చాయి.

పాతకారు_సైనిక్‌పురి

అందరూ టేప్ అంటున్నారు గనుక నా పద్ధతి కూడా వినండి. ముప్పై ఏళ్లుగా నా కార్లు నేనే చూసుకుంటున్నాను. ఎన్నడూ టేప్ వెయ్యలేదు.

నేను ప్లాస్టిక్‌కి ముందు డ్రెస్సింగ్ పెడతాను. నీళ్ల ఆధారంగా ఉండే ట్రిమ్ డ్రెస్సింగ్, స్పాంజికి తీసుకుని పల్చగా రాసి, పావుగంట ఆగి పొడిగుడ్డతో తుడిచేస్తాను. గింజల మధ్య ఖాళీలు ముందే నిండిపోతాయి కాబట్టి ఆ తర్వాత వాక్స్ తగిలినా లోపలికి దిగదు, పైనే ఉంటుంది, తడిగుడ్డకి వచ్చేస్తుంది. మోకాళ్లు నొప్పులున్నవాడికి కారు చుట్టూ వంగి టేప్ వెయ్యడం కష్టం బాబూ.

బఫింగ్‌షెడ్ (కొండాపూర్)

సార్, చేత్తో వాక్స్ పెట్టేవాళ్లకి మీ పద్ధతి బాగుంటుంది, నేనూ ఒప్పుకుంటాను. మెషీన్‌తో కాంపౌండ్ కొట్టేటప్పుడు మాత్రం సరిపోదు. ప్యాడ్ ఆ డ్రెస్సింగ్‌ని లాక్కెళ్లి పెయింట్ మీద పూస్తుంది. అప్పుడు పెయింట్ మీద వాక్స్ సరిగ్గా పట్టదు. పైగా డ్రెస్సింగ్ పెట్టాక టేప్ వేద్దామన్నా నిలవదు. రెండూ ఒకే రోజు కుదరవు.

పెయింట్‌బూత్ (బాలానగర్)

సిలికాన్ డ్రెస్సింగ్ అయితే ఇంకా జాగ్రత్త సార్. ఆ బండికి రేపు ఏదైనా దెబ్బ తగిలి పెయింట్ వెయ్యాల్సి వస్తే, సిలికాన్ మిగిలిన చోట పెయింట్ విడిపోయి చేపకళ్లలా గుంతలు పడతాయి. మేము ఫిష్ ఐ అంటాం. ఎంత తుడిచినా ఒక్కోసారి పోదు, మళ్లీ ఇసుక కాగితం పట్టాల్సిందే.

పాతకారు_సైనిక్‌పురి

నేను మెషీన్ ముట్టను, నాది చేతి పనే. అందుకే నాకు ఇబ్బంది రాలేదు కాబోలు. మీ ఇద్దరి మాట సబబే. మెషీన్ కొట్టేవాళ్లు టేప్, చేత్తో వాక్స్ పెట్టేవాళ్లు డ్రెస్సింగ్ అనుకోవచ్చు.

వాక్స్ గురించి ఒకటి. అంచు దగ్గర ఎవరూ స్పాంజితో పని చెయ్యకండి. స్పాంజి గుండ్రం, దాని అంచు ఎక్కడుందో కంటికి తెలియదు. నేను చూపుడు వేలికి మైక్రోఫైబర్ గుడ్డ బిగించి చుట్టుకుని, కొసకి గోరంత వాక్స్ తీసుకుని, ప్లాస్టిక్‌కి వేలెడు దూరం నుంచి లోపలివైపు రాస్తాను. ప్లాస్టిక్ వైపుకి కాదు, దాని నుంచి దూరంగా. మిగిలిన ఆ సన్న పట్టీని చివర్లో వేలికొసతో ఒక్కసారి పూస్తాను. వేలికి తెలుస్తుంది, నున్నటి పెయింట్ ఎక్కడ అయిపోయిందో, గరుకు ఎక్కడ మొదలైందో.

నల్లబంపర్ (మియాపూర్)

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. పెద్దాయన వేలి పద్ధతి నాకు బాగా నచ్చింది. టేప్ వేస్తే సరిపోతుందంటే నమ్ముతాను, కానీ ఒక అనుమానం. నా మరకల్లో సగం పెయింట్ అంచున లేవు. వైపర్ జాలీ మీదికి, అవతలి పక్క అద్దం మీదికి కూడా చుక్కలు ఎలా ఎగిరాయి?

బఫింగ్‌షెడ్ (కొండాపూర్)

అది చిమ్మడం అన్నా. మెషీన్ గాల్లో ఆన్ చేసి తర్వాత ప్యానెల్ మీద పెట్టి ఉంటారు. కొత్తవాళ్లు అందరూ చేసేది అదే. ప్యాడ్ ముందు పెయింట్‌కి ఆనించాలి, ఆ తర్వాత స్విచ్. ఆపేటప్పుడు కూడా పూర్తిగా ఆగాకే లేపాలి.

రెండోది, ఎక్కువ పాలిష్. రెండడుగుల చదరానికి ప్యాడ్ మీద శనగగింజంత చుక్కలు మూడు నాలుగు చాలు. ముందు మెషీన్ ఆపి ఉంచి ప్యాడ్‌ని నాలుగైదు చోట్ల అద్దాలి, తర్వాత అతి తక్కువ స్పీడులో పరచాలి, అప్పుడు స్పీడు పెంచాలి. బాటిల్ తలకిందులు చేసి బానెట్ మీద గీత గీసినట్టు పోస్తే సగం పెయింట్‌కి, సగం చుట్టుపక్కలకి.

మీ స్నేహితుడి మెషీన్ డ్యూయల్ యాక్షనా, రోటరీనా? రోటరీ ఒకే దిక్కుగా తిరుగుతుంది, చిమ్మడం చాలా ఎక్కువ, అంచుల్లో పెయింట్ కూడా తినేస్తుంది. ఇంట్లో చేసుకునేవాళ్లు తిరుగుతూనే అటూ ఇటూ ఊగే డ్యూయల్ యాక్షన్ తీసుకోవడం మంచిది. ఏదైనా సరే, అంచు నుంచి రెండంగుళాలు మెషీన్‌తో వదిలెయ్యండి, అక్కడ చేత్తో.

వైపర్ జాలీ మీద పాత తువ్వాలు పరిచి, అద్దం అంచున టేప్‌తో బిగించండి. ముందు అద్దం మీద వాక్స్ పడితే వానలో వైపర్ కొట్టుకుంటూ తిరుగుతుంది, రాత్రి ఎదురుగా వచ్చే లైట్లకి అద్దం అంతా మసకగా కనబడుతుంది. అది అందానికి సంబంధించిన విషయం కాదు, దాన్ని అశ్రద్ధ చెయ్యొద్దు.

కొత్తగా_కోకాపేట

నేను ఈ మధ్యే కారు ఒక డీటెయిలింగ్ సెంటర్‌కి ఇచ్చాను. పేరు చెప్పను. తీసుకున్నప్పుడు నల్ల భాగాలన్నీ నిగనిగలాడుతున్నాయి, సంతోషంగా డబ్బులు ఇచ్చి వచ్చేశాను. మా వైపు కట్టడాల దుమ్ము ఎప్పుడూ ఉంటుంది కదా, వారానికి కారు కడిగిస్తే రూఫ్ రెయిల్స్ చుట్టూ తెల్లగా బయటపడింది. అంటే వాళ్లు మరక తీయలేదు, పైన నూనె రాసి పంపించారు. అడిగితే ఎండకి ప్లాస్టిక్ పాడైందన్నారు. ఏడాది కూడా కాని కారు.

అప్పగించుకునేటప్పుడు ఎలా చూసుకోవాలో ఎవరైనా చెప్పండి.

ఎర్రస్విఫ్ట్ (తార్నాక)

డెలివరీకి ముందే, మాట్లాడుకునేటప్పుడే అడగండి: టేపింగ్ చేస్తారా, చేసిన ఫొటో పంపిస్తారా అని. తీసుకునేటప్పుడు ఒక తెల్ల టిష్యూ కాగితంతో ప్లాస్టిక్‌ని గట్టిగా రుద్దండి. కాగితానికి జిడ్డు అంటితే డ్రెస్సింగ్ ఎక్కువ రాశారని అర్థం. రాయడం తప్పు కాదు, కింద ఏముందో మాత్రం చూడాలి. ఒక చిన్న చోట షాంపూ నీళ్లతో కడిగి ఆరబెట్టి చూపించమనండి. ఐదు నిమిషాల పని. ఒప్పుకోకపోతే అదే జవాబు.

చర్లపల్లి_మోల్డింగ్

ఏడాది కూడా కాని కారుకి ఎండ వల్ల అన్న మాట నమ్మకండి. ఎండని తట్టుకోవడానికి ఈ ప్లాస్టిక్‌లో ముందే కార్బన్ బ్లాక్, యూవీ స్టెబిలైజర్లు కలుపుతారు. వెలిసిపోవడం ఏళ్ల మీద జరుగుతుంది, అదీ రెయిల్ చుట్టూ గీతలా రాదు.

క్యాబ్_ఎల్బీనగర్

మాలాంటి వాళ్లకి ఖర్చు తక్కువలో మరక తీసే మార్గం చెప్పండి అన్నా. కిరోసిన్, పెట్రోల్ అని స్టాండులో చెబుతున్నారు. యూట్యూబ్‌లో అయితే పీనట్ బటర్ రాయమంటున్నారు.

చర్లపల్లి_మోల్డింగ్

కిరోసిన్, పెట్రోల్ వద్దే వద్దు భయ్యా. అద్దాల చుట్టూ ఉండే నల్ల రబ్బరు సాధారణంగా ఈపీడీఎం అనే రకం. వానకి, ఎండకి బాగా తట్టుకుంటుంది, కానీ పెట్రోలియం నూనెలు తగిలితే ఉబ్బి వదులవుతుంది. తర్వాత నీళ్లు లోపలికి కారతాయి. థిన్నర్ ఇంకా ప్రమాదం. గ్రిల్ ఏబీఎస్ ప్లాస్టిక్ అయితే పైపొర కరుగుతుంది, హెడ్‌లైట్ మీద పడితే దాని పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ సన్నగా బీటలు వారుతుంది.

పీనట్ బటర్ పనిచేసే కారణం అందులోని నూనె. ఎండిపోయిన వాక్స్‌ని అది మెత్తబరుస్తుంది. వాక్స్ మరకకి కొంత పనిచేస్తుంది, కాంపౌండ్ పొడికి పెద్దగా కాదు. ఆ తర్వాత నూనె కడక్కపోతే మన దుమ్ముకి రెండు రోజుల్లో మట్టి పేరుకుంటుంది. దానికి పెట్టే డబ్బుతో రెండు టూత్‌బ్రష్‌లు, చిన్న షాంపూ బాటిల్ వస్తాయి.

నా వరుస ఇది. ముందు షాంపూ, మెత్తటి బ్రష్. పోకపోతే ఆల్ పర్పస్ క్లీనర్, ఒక వంతుకి పది వంతుల నీళ్లు, అదే బ్రష్. అప్పటికీ ఉంటే సగం నీళ్లు కలిపిన ఐపీఏ, బ్రష్‌తో కొద్దికొద్దిగా. వాక్స్ మరకలైతే హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేసి తోమితే తొందరగా వదులుతాయి. కార్నూబా వాక్స్ కరగాలంటే 80 డిగ్రీలు దాటాలి, అంత వేడి మనకి అవసరం లేదు, మెత్తబడితే చాలు. గోడలకి రంగు వలిచే హీట్ గన్ పెట్టకండి, ప్లాస్టిక్ గింజలే కరిగిపోతాయి. ఏదైనా సరే ముందు బంపర్ కింద కనబడని చోట చూసుకోండి.

సన్నటి చారలకి పిల్లల తెల్ల రబ్బరు, అదే పెన్సిల్ రబ్బరు, బాగా పనిచేస్తుంది. ఆ పొడిని దులిపి కడగాలి. మ్యాజిక్ స్పాంజి అని అమ్మేది మాత్రం గింజల్ని అరగదీస్తుంది.

నల్లబంపర్ (మియాపూర్)

నిన్న ఆదివారం ఐదున్నరకే లేచి మొదలుపెట్టాను. ఏం జరిగిందో చెబుతాను.

ముందు టైర్ పాలిష్ జిడ్డు తీయడానికే గంట పట్టింది. షాంపూతో రెండుసార్లు కడిగాక టిష్యూ రుద్దితే శుభ్రంగా వచ్చింది. అప్పుడు బ్రష్. ఎడమ ముందు చక్రం దగ్గర మేడమ్ చెప్పినట్టే మూడో విడతకి నురగ తెల్లబడింది. ఫోన్ లైటు పక్క నుంచి వేసి చూశాను. గింజల మధ్య తెల్లగా సన్నటి వలలాగా ఉన్నది, తోమిన చోట మాయమై నలుపు తేలింది. పక్కనే తోమని చోట అలాగే ఉంది. ఆ రెండింటి మధ్య గీత చూశాక నాకు ఓపిక వచ్చింది.

మూడు చక్రాలు, వైపర్ జాలీ షాంపూ, బ్రష్‌తోనే పోయాయి. జాలీ మీద వాక్స్ చుక్కలకి డ్రయ్యర్ పెట్టాల్సి వచ్చింది. మా ఆవిడ పై నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ దించింది. రూఫ్ రెయిల్ మొదట్లో ఐపీఏ వాడాను, పోయింది. వెనక కుడి చక్రం మీద మాత్రం సగమే పోయింది. టైర్ పాలిష్ ఎక్కువ రుద్దింది అక్కడే, మూడు వారాలు మధ్యాహ్నం ఎండ కూడా ఆ పక్కకే. తోమితే ప్రతిసారీ కొంచెం వస్తోంది. ఇంకో రెండు ఆదివారాలు పడుతుందనుకుంటున్నాను.

మెషీన్ రోటరీ అని కూడా తేలింది. తిరిగి ఇచ్చేశాను.

బఫింగ్‌షెడ్ (కొండాపూర్)

చాలా బాగా చేశారు అన్నా. ఆ కుడి చక్రం దగ్గర తొందరపడి గట్టిగా తోమకండి. రాత్రి తడి గుడ్డ ఒకటి క్లీనర్ నీళ్లలో ముంచి పది నిమిషాలు ఆ చోట వేసి ఉంచి, ఆరకుండానే తోమండి. నానితే లోపలిది కదులుతుంది.

శుభ్రం అయ్యాక వెంటనే పాలిష్ పని పెట్టుకోకండి. ప్లాస్టిక్‌కి నీళ్ల ఆధారిత డ్రెస్సింగ్ పల్చగా పెట్టి వదిలెయ్యండి. సంక్రాంతి ముందు కాంపౌండ్ కూడా అక్కర్లేదు మీకు, ఒకసారి కొట్టాక అంత తొందరగా మళ్లీ కొడితే రంగు పైనున్న పారదర్శక పొర, అదే క్లియర్ కోట్, అనవసరంగా తగ్గుతుంది. చేత్తో వాక్స్ చాలు. అప్పుడు పెద్దాయన పద్ధతే మీకు సరిపోతుంది.

పాతకారు_సైనిక్‌పురి

వాక్స్ పెట్టేది పొద్దున ఏడు లోపలే పెట్టు బాబూ. చేతి వెనక వైపు బానెట్ మీద ఆనిస్తే చల్లగా తగలాలి. వేడి మీద పెడితే నువ్వు తుడిచేలోపే ఎండి గట్టిపడుతుంది, అప్పుడు గట్టిగా రుద్దుతావు, అది పొడిగా రాలి ప్లాస్టిక్ మీదే పడుతుంది. ఒక ప్యానెల్ పూర్తిగా తుడిచాకే రెండో దానికి వెళ్లు. పక్కన తడిపి పిండిన మైక్రోఫైబర్ గుడ్డ ఒకటి భుజం మీద వేసుకో. పొరబాటున ప్లాస్టిక్‌కి తగిలిందా, ఆ క్షణమే తుడిచెయ్యి. తడిగా ఉన్నంతసేపు అది మరక కాదు.

నంబర్ ప్లేట్‌కి వాక్స్, పాలిష్ ఏదీ వద్దు. ఇప్పటి హై సెక్యూరిటీ ప్లేట్ల అక్షరాల మీద ఉండేది వేడితో అద్దిన ఫిల్మ్, కాంపౌండ్‌తో రుద్దితే లేస్తుంది. ఉత్త షాంపూ నీళ్లు చాలు.

కొత్తగా_కోకాపేట

చివరగా ఒకటి అడుగుతాను. పూజలో బంపర్‌కి, గ్రిల్‌కి పసుపు బొట్లు పెడతారు కదా. నల్ల గింజల ప్లాస్టిక్‌లో పసుపు కూడా ఇలాగే కూర్చుంది. దానికీ ఇదే పద్ధతా?

ఎర్రస్విఫ్ట్ (తార్నాక)

అదే బ్రష్, అదే షాంపూ అండీ, కాకపోతే అదే రోజు సాయంత్రం కడిగేస్తే సులువు. పసుపు రంగు ఎండకి దానంతట అదే చాలావరకు వెలుస్తుంది, కుంకుమ మాత్రం ఉండిపోతుంది. నేను ఇప్పుడు బొట్లు అద్దం మీద, పెయింట్ మీద పెట్టిస్తున్నాను. పూజారి గారికి ముందే చెబితే ఏమీ అనుకోరు.

నల్లబంపర్ (మియాపూర్)

రూఫ్ రెయిల్‌కి ఏ వెడల్పు టేప్ తీసుకోవాలి? శనివారం రాణిగంజ్ వైపు పని ఉంది, వెళ్లినప్పుడు తెచ్చుకుంటాను.

బఫింగ్‌షెడ్ (కొండాపూర్)

24 మిల్లీమీటర్లది ఒకటి, 48ది ఒకటి. రెయిల్ కాళ్ల చుట్టూ 24, పైన పొడవునా 48. వంపులకి 18ది కూడా ఒకటి తెచ్చుకోండి, ఎప్పుడైనా పనికొస్తుంది.